పాయింటర్ పిల్లకు పిట్టల వేట నేర్పడం: ఎనిమిదో వారం నుంచి మొదటి సీజన్ దాకా

పిట్ట వాసన తగలగానే ఉన్నచోటే బిగుసుకుపోయి నిలబడటం జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, బ్రిటనీ, ఇంగ్లిష్ సెట్టర్, విజ్లా లాంటి జాతులకు పుట్టుకతో వచ్చే గుణం. దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు, నేర్పలేరు కూడా. నేర్పాల్సింది ఆ తర్వాతి సంగతి. ఎంతసేపు నిలబడాలి, పిట్ట లేచినప్పుడు ఏం చేయాలి, తుపాకి మోత అంటే ఏమిటి, ఎవరితో కలిసి వేటాడాలి. వీటిలో మొదటి పాఠం చెప్పే గురువు మనిషి కాదు, పిట్టే. ముందుకు దూకితే పిట్ట ఎగిరిపోతుంది, ఎంత తరిమినా దొరకదు. నిలబడితే మనిషి వచ్చి పడగొడతాడు, అప్పుడది నోటికందుతుంది. ఈ లెక్క కుక్క బుర్రకు సొంతంగా తట్టాలి. మన పనల్లా అది తట్టేలా పరిస్థితులు అమర్చి, నోరు మూసుకుని నిలబడటం. ఆ రెండోదే చాలామందికి చేతకాదు.

ఇక్కడ చెప్పేదంతా టెక్సస్, ఒక్లహోమా వైపు బాబ్‌వైట్ కౌజుల వేటను దృష్టిలో పెట్టుకుని రాసింది. డకోటా రాష్ట్రాల్లో ఫెజెంట్ల (పొడుగు తోక పిట్టల) వేటకైనా సాధన క్రమం ఇదే.

ముందు కాగితాలు

భారతదేశంలో కౌజు, పూరేడు, నెమలి ఏదైనా సరే, అడవి పిట్టను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కాబట్టి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఈ విద్య అక్కడ చూపించే ఆలోచన పెట్టుకోకండి.

అమెరికాలో హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. దీనికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అంటే లైసెన్సు చేతికొచ్చాకే తుపాకి, ముందు కాదు. టెక్సస్ వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. ఇంట్లో తుపాకి ఉన్న వీసాదారులు ఈ తేదీని మరిచిపోతే వేట తప్పడమే కాదు, కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. సందేహముంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు.

టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. కౌజులకు లైసెన్సుతో పాటు అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ అనే అదనపు అనుమతి కూడా కొనాలి. కౌజుల సీజన్ నవంబర్ 1 ప్రాంతంలో మొదలై ఫిబ్రవరి చివరి దాకా నడుస్తుంది, మనిషికి రోజుకు 15 పిట్టలు పరిమితి. రూల్సు ఏటా కొత్తగా అచ్చవుతాయి, ఆ ఏటి పుస్తకం చూసుకోండి. సాధనకు పావురాలు వాడితే గొడవ తక్కువ. పెంపుడు కౌజులను వదిలి కాల్చాలంటే మాత్రం రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు ముందే కనుక్కోవాలి.

సామాను

పొడుగు తాడు ఒకటి, 20 నుంచి 30 అడుగులు, అర అంగుళం మందం. దీన్నే చెక్ కార్డ్ అంటారు. మెత్తటి తాడు గడ్డిలో మెలికలు పడుతుంది, కాస్త బిరుసుగా ఉన్నదే తీసుకోండి. చివర ముడి గానీ చేతిపట్టు గానీ ఉండకూడదు, పొదల్లో ఇరుక్కుని పరుగులో ఉన్న పిల్ల మెడ విరిచేస్తుంది. చేతులకు తోలు గ్లవ్స్ లేకుండా ఈ తాడు పట్టుకోవద్దు. ఆరేడు నెలల పిల్ల ఒక్కసారి లాగితే అరచేయి ఒలిచినట్టవుతుంది.

ఇంకా కావలసినవి: వెడల్పాటి కాలరు, ప్లాస్టిక్ ఈల, గుండు లేకుండా మోత మాత్రమే చేసే .22 బ్లాంక్ పిస్తోలు, లోపల దాచిన పిట్టను రిమోట్‌ మీట నొక్కగానే తెరుచుకుని పైకి ఎగరేసే పిట్ట లాంచర్లు రెండు. లాంచర్ ఖరీదైనదే కానీ, వాయిదా వేసుకోదగ్గ ఖర్చు కాదు. పిట్ట ఎప్పుడు లేవాలో మీ చేతిలో ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. కొనలేకపోతే స్థానిక కుక్కల క్లబ్బులో చేరండి, చాలా క్లబ్బుల్లో సభ్యులు పంచుకుని వాడతారు.

పావురాల్లో గూటికి తిరిగొచ్చే హోమర్లు శ్రేష్ఠం. పది పక్షులుంటే ఒక పిల్లకు సరిపోతాయి. తెచ్చిన వెంటనే వదిలితే అమ్మినవాడి ఇంటికే పోతాయి. నాలుగు నుంచి ఆరు వారాలు చుట్టుపక్కల కనిపించేలా జాలీ గూట్లో ఉంచి మేపాలి. ఎగరడం ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్ల పావురాలు త్వరగా అలవాటు పడతాయి. చీకటి పడ్డాక పావురం దారి పట్టదు కాబట్టి సాధనను పొద్దుగూకడానికి రెండు గంటల ముందే ముగించండి.

రిమోట్‌తో మెడకు కరెంటు తగిలించే ఎలక్ట్రానిక్ కాలరు ఇప్పుడు వద్దు. దాని సంగతి తర్వాత చెబుతాం.

ఎనిమిది నుంచి పదహారు వారాలు

తల్లిదండ్రులిద్దరూ వేటాడే కుక్కలైన పిల్లను ఎంచుకుంటే సగం పని అయినట్టే. షో రింగు కోసం పెంచిన వంశంలో ముక్కు, పట్టుదల ఉంటాయన్న భరోసా లేదు. రోజుకు పది గంటలు అపార్ట్‌మెంట్‌లో తాళం వేసి వెళ్లేవాళ్లు ఈ జాతుల జోలికి రాకపోవడమే మంచిది. పరుగు దొరకని షార్ట్‌హెయిర్ సోఫానే వేటాడుతుంది.

ఈ వయసులో నేర్పేవి మూడే: పేరు, పిలిస్తే రావడం, క్రేట్‌లో ప్రశాంతంగా పడుకోవడం. పిలిచినప్పుడు ఒకే మాట వాడండి. "రా" అయినా "హియర్" అయినా ఫర్వాలేదు, ఇంటిల్లిపాదీ అదే మాట అనాలి. అమ్మ "ఇటు రావే" అని, నాన్న "కమ్" అని, పిల్లలు పేరుపెట్టి అరుస్తూ ఉంటే ఏ మాటకూ విలువుండదు. కుక్క రాదనిపించినప్పుడు అసలు పిలవకండి. పిలిచి, అది రాక, ఊరుకుంటే, రాకపోయినా నడుస్తుందని మీరే నేర్పినట్టు. తాడు చేతిలో ఉన్నప్పుడే పిలవండి. ఒకసారి పిలిచి, రెండు చిన్న లాగుళ్లు లాగి, వెనక్కి పరిగెత్తండి. దగ్గరకొచ్చాక మెడ నిమరండి. పిలిచి తిట్టొద్దు, పిలిచి స్నానం చేయించొద్దు, ఇంజెక్షన్ వేయించొద్దు. అలాంటి పనులకు మీరే దాని దగ్గరకు వెళ్లండి.

పార్వో (కుక్కపిల్లలకు సోకే వైరస్ జబ్బు) టీకాల వరస పదహారు వారాల వయసు దాకా సాగుతుంది. అప్పటివరకు డాగ్ పార్కులు, పెట్ స్టోర్ నేలలు మానేసి, కుక్కలు తిరగని గడ్డి మైదానాలకు తీసుకెళ్లండి. తాడు లేకుండా వదిలి, దాని వెనకే నెమ్మదిగా నడవండి. మోకాలెత్తు గడ్డి, నీళ్లగుంట, కంచె కింద సందు, దుంగలు, అన్నీ చూడాలి. ఇరవై నిమిషాలు చాలు. ముళ్లకంచె దగ్గర అరిస్తే పరుగున పోయి ఎత్తుకోకుండా, దారి అదే వెతుక్కునేదాకా చూడండి. నెలల తర్వాత పొదల్లోకి జంకకుండా దూరే ధైర్యం ఇక్కడే వస్తుంది.

చేపగాలానికి పిట్ట రెక్క కట్టి ఆడించే ఆట అందరికీ ముద్దు. ఫొటోలకు ఒకటి రెండుసార్లు ఆడించండి, తప్పులేదు. అంతకు మించితే పిల్ల ముక్కు మానేసి కళ్లతో వెతకడం మొదలుపెడుతుంది. పాయింటర్‌కు కావలసింది ముక్కు పని.

విసిరింది తెచ్చే ఆట ఇంట్లో వరండా లాంటి సన్నటి దారిలో ఆడండి. మడిచిన సాక్సు విసిరితే అది తీసుకుని తిరిగి రావడానికి మీ వైపు తప్ప వేరే దారి ఉండకూడదు. రెండు మూడుసార్లు విసిరి, ఇంకా ఉత్సాహం ఉండగానే ఆపేయండి. నోట్లోది గుంజుకోవద్దు, ముందు మెడ కింద నిమిరి తర్వాత తీసుకోండి. లాగులాట అసలే వద్దు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్లు నొప్పెడతాయి కనుక ఆ రోజుల్లో ఈ ఆటకు సెలవు.

మొదటి పిట్ట

పది నుంచి పన్నెండు వారాల మధ్య, రెక్కలు కట్టిన పావురాన్ని పొట్టి గడ్డిలో వదిలి పిల్లను విడవండి. కొన్ని వెంటనే మీద పడతాయి, కొన్ని చుట్టూ తిరిగి మొరుగుతాయి. రెక్క ఒకసారి మూతికి కొడితే వెనక్కి గెంతి మళ్లీ వస్తాయి. ఏం చేసినా సరే అని వదిలేయండి. "శభాష్" కూడా అక్కర్లేదు. భయపడితే పావురాన్ని తీసేసి, వారం తర్వాత చిన్న కౌజుతో ప్రయత్నించండి. పిల్ల పిట్టను పట్టుకునేది ఈ ఒకటి రెండు సార్లే. ఆ రుచి, ఆ పిచ్చి ఎక్కితే చాలు. ఇక నుంచి ప్రాణమున్న పిట్టేదీ దాని నోటికి చిక్కకూడదు.

సంతలో దొరికే పెంపుడు కౌజులతో వచ్చే చిక్కు ఇదే. ఇరుకు గూట్లో పెరిగి, తోక ఈకలు అరిగి, పది గజాలు ఎగిరి పడిపోతాయి. పిల్ల దూకి పట్టేస్తుంది. నిలబడటం కన్నా దూకడమే లాభమని ఆ ఒక్కసారిలోనే నేర్చుకుంటుంది. పిట్టను తలకిందులుగా తిప్పి, తల రెక్క కింద దూర్చి మత్తెక్కించి పెట్టే పాత పద్ధతిలోనూ అదే ప్రమాదం. బలంగా ఎగిరే పావురమే నయం.

లాంచర్‌తో సాధన

నాలుగైదు నెలల వయసులో ఇది మొదలవుతుంది. మొత్తం శిక్షణకు ఇదే గుండెకాయ కాబట్టి వివరంగా చెబుతాం.

ముందు శబ్దం అలవాటు చేయాలి. లాంచర్ తెరుచుకునేటప్పుడు స్ప్రింగు టప్‌మని కొడుతుంది. పిల్ల ముక్కు ముందు అది పేలితే పిట్టల మీదే విరక్తి పుడుతుంది. పిల్ల ఆడుకుంటుండగా 50 గజాల దూరంలో ఖాళీ లాంచర్‌ను రెండు మూడుసార్లు తెరవండి. చెవి కదిపి మళ్లీ ఆటలో పడితే సరిపోయింది. ఆ తర్వాత కూడా పిల్ల 20 గజాలకన్నా దగ్గరున్నప్పుడు మీట నొక్కకండి.

చల్లటి పొద్దున, కాస్త తేమ, గంటకు 5–10 మైళ్ల నిలకడ గాలి, ఇవి ఉంటే వాసన బాగా నిలుస్తుంది. గాలి లేని మధ్యాహ్నం పిల్ల పిట్టను తొక్కేదాకా తెలుసుకోలేదు, ఆ తప్పు దానిది కాదు.

లాంచర్‌ను గడ్డి కుదురు వెనక, కంటికి ఆననిచోట పెట్టండి. మీరు నడిచివెళ్లిన దారి, పిల్ల వచ్చే దారి ఒకటి కాకూడదు. అవతలి వైపు నుంచి వెళ్లి పెట్టి, అటే తిరిగి రండి. లేకపోతే తెలివైన పిల్ల పిట్టను వదిలేసి మీ అడుగుల వాసన పట్టుకుని లాంచర్ దాకా వస్తుంది. రోజూ అదే పొద దగ్గర పెట్టినా అంతే. పావురాన్ని పెట్టాక ఐదు నిమిషాలు ఆగితే వాసన పరుచుకుంటుంది.

ఇప్పుడు దిక్కు. గాలి మీ ఎడమ నుంచి కుడికి వీస్తోందనుకోండి. మీరు నడిచే గీతకు ఎడమవైపు 20 నుంచి 25 గజాల లోపలికి పిట్ట ఉండాలి. తాడు పట్టుకుని తిన్నగా నడవండి, పిల్ల ముందు అటూ ఇటూ తిరగనివ్వండి. పిట్టకు అడ్డంగా వచ్చినప్పుడు గాలిలోని వాసన దాని ముక్కును పక్కనుంచి తాకుతుంది. అప్పుడు చూడాలి దాన్ని: పరుగు మధ్యలో తల ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది, ఒళ్లు వెనకబడి తలను అనుసరిస్తుంది, అప్పటిదాకా ఊగుతున్న తోక నిటారుగా ఆగుతుంది, నోరు మూసుకుంటుంది. పక్కటెముకలు మాత్రం ఊపిరికి కదులుతుంటాయి. ఇదే పాయింట్.

ఇక్కడి నుంచి మూడే దారులు.

పిల్ల నిలబడితే, మీరూ నిలబడండి. రెండు మూడు సెకన్లు చాలు, మీట నొక్కండి. రోజులు గడిచేకొద్దీ పది, ఇరవై సెకన్లకు పెంచండి.

పిల్ల ఒక్క అడుగు ముందుకేస్తే, వెంటనే మీట నొక్కండి. ఇంకో అడుగు వేస్తుందేమో చూద్దాం అనుకోవద్దు. నేను కదిలాను, పిట్ట పోయింది. ఈ రెంటి మధ్య సెకను తేడా వచ్చినా లెక్క తప్పుతుంది.

వాసన అందకుండానే దాటిపోతే, ఏమీ చేయకండి. లాంచర్ తెరవకండి. చుట్టూ తిప్పి మళ్లీ తీసుకురండి. వాసన తెలియని కుక్క ముందు పిట్టను లేపితే దానికి ఆకస్మికంగా భయం తప్ప ఇంకేమీ అందదు.

పిట్ట లేచాక పిల్ల తరుముతుంది. తరమనివ్వండి, తాడు వదిలేయండి. పావురం చెట్లు దాటి పోతుంది, పిల్ల నాలుక వేలాడేసుకుని తిరిగొస్తుంది. తిట్టొద్దు, మెచ్చుకోవద్దు, "వో" (ఆగు) అనొద్దు, తాడు గుంజొద్దు. ఈ దశలో పిట్ట దగ్గర మనిషి గొంతు వినిపిస్తే పాఠం పిట్టది కాకుండా మనిషిదవుతుంది, మనిషి 200 గజాల దూరంలో ఉన్న రోజున కుక్కకు పాఠమూ గుర్తుండదు.

ఒక పూటకు రెండు మూడు పిట్టలు, వారానికి రెండు మూడు పూటలు. సుమారు ఇరవై ముప్పై పిట్టలు చూసేసరికి ఎక్కువ పిల్లలు వాసన తగలగానే నిలబడటమే కాక, మీరు దగ్గరకు నడిచొచ్చేదాకా ఆగుతాయి. కొన్నిటికి పది చాలు, కొన్నిటికి యాభై పడతాయి. పక్కింటివాళ్ల కుక్కతో పోల్చుకోవద్దు.

తుపాకి మోత

మోతకు బెదిరే కుక్కను చాలాసార్లు మనుషులే తయారు చేస్తారు. "అలవాటవుతుందిలే" అని షూటింగ్ రేంజికి తీసుకెళ్లడం అందుకు అతి దగ్గరి దారి. జూలై 4 రాత్రి, దీపావళి రాత్రి పిల్లను లోపలి గదిలో, టీవీ పెట్టి, తోడుగా ఒకరుండి చూసుకోండి. ఔట్‌డోర్ పార్టీలో థౌజండ్‌వాలా పేలే చోటికి దాన్ని తీసుకెళ్తే ఏడాది పని బూడిదలో పోసినట్టే.

మోత మొదలుపెట్టాలంటే ఒకటే షరతు: పిల్ల పిట్టల పిచ్చిలో పూర్తిగా పడి ఉండాలి, లేచిన పావురాన్ని ఒళ్లు మరిచి తరుముతుండాలి. అలా తరుముతూ మీకు 80–100 గజాలు దూరమయ్యాక, వెనకనున్న సహాయకుడు .22 బ్లాంకు ఒకసారి, పిల్లకు దూరంగా ఉండే దిక్కుకు పేలుస్తాడు. ఒక పిట్టకు ఒకే మోత. మీరు పిల్లను మాత్రమే చూడండి. పరుగు తగ్గకపోతే, తల తిప్పకపోతే ఆ రోజుకు ఇంకో పిట్టకు అదే దూరంలో ఇంకోటి, అంతటితో ఆపేయండి. తర్వాతి పూటల్లో 60, 40, 20 గజాలు. బ్లాంకు కుదిరాక 20 గేజ్ షాట్‌గన్‌తో మళ్లీ 100 గజాల నుంచి మొదలుపెట్టండి. మోత ఇంకా ఎక్కువుండే 12 గేజ్‌కు తొందర లేదు.

తోక దిగినా, ఆగి వెనక్కి చూసినా, మీ కాళ్ల దగ్గరకు వచ్చినా అక్కడితో మోత బంద్. ఓదార్చవద్దు, ఏమీ జరగనట్టు నడవండి. మూడు నాలుగు వారాలు పిట్టలే, తుపాకి లేదు. తర్వాత ముందటి దూరానికి రెట్టింపు నుంచి మొదలుపెట్టాలి. ఒకసారి బాగా బెదిరిన కుక్కను తిరిగి దారికి తేవడం అనుభవమున్న ట్రెయినర్ పని, ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.

ఆగమంటే ఆగడం

ఆరేడు నెలలు నిండాక, పిట్టలకు సంబంధం లేకుండా పెరట్లో "వో" నేర్పాలి. "వో" వాడేవాళ్లు ఇంట్లో "నో" అనడం మానేయాలి, కుక్క చెవికి రెండూ ఒకటే. "ఆగు" అంటే ఆ తంటా ఉండదు.

గట్టి గుంజకు ఒక తాడు కట్టండి. రెండో కొసను పిల్ల నడుం చుట్టూ, వెనక కాళ్లకు కాస్త ముందు, ఒక మెలిక వేసి, వీపు మీదుగా తెచ్చి కాలరుకు తగిలించండి. మీ చేతిలో వేరే తాడు, అది కూడా కాలరుకే. ముందుకు నడిపించి, గుంజ తాడు బిగిసేదాకా తేండి. నడుం మీద బిగువు తగలగానే చాలా పిల్లలు నాలుగు కాళ్ల మీద ఆగిపోతాయి. ఆగగానే మీ తాడు వదులు చేయండి. మొదటి మూడు నాలుగు రోజులు మాట లేదు, బిగువు తెలియడమే. కూర్చుంటే నెమ్మదిగా నిలబెట్టండి. ఐదు నిమిషాలు, రోజుకు ఒకసారి. పది పద్నాలుగు రోజుల్లో బిగువుకు ముందు మాట చేర్చండి: ఒకసారి "వో", వెంటనే బిగువు. మాటకే ఆగుతున్నప్పుడు గుంజ నుంచి విప్పి, నడుస్తూ చేయించండి.

విడుదల ముఖ్యం. పిల్ల తనంతట తాను కదలకూడదు, పక్కటెముకల మీద మెల్లగా రెండుసార్లు తట్టి మీరే కదిలించాలి. ఎదురుగా నిలబడి "రా" అని పిలిచి విడిపిస్తే, ఆగడమంటే పిలుపు కోసం కాచుకుని ఉండటమని అర్థం చేసుకుంటుంది. ఆ తర్వాత పాయింట్ మీదున్న కుక్క ముందుకు మీరు నడిస్తే చాలు, జారి వచ్చేస్తుంది.

నిలకడ వచ్చాక చుట్టూ కదలిక పెంచండి. మీరు ముందు తిరగడం, టోపీ విసరడం, ఎవరో పరుగెత్తడం, చివరకు చేతిలోంచి పావురాన్ని ఎగరేయడం. ప్రతిదానికీ కొన్ని రోజులివ్వండి.

ఎలక్ట్రానిక్ కాలరు ఇక్కడ వస్తుంది, ముందుగా "రా" అనే పిలుపుకు మాత్రమే. చెవి కదిపేంత, మెడ తిప్పేంత తక్కువ స్థాయి చాలు. అరిచిందంటే మీరు పెట్టిన స్థాయి ఎక్కువైంది. తెలియని మాటను కరెంటుతో నేర్పకూడదు, తాడుతో బాగా తెలిసిన మాటకే ఇది దూరం నుంచి గుర్తుచేసేది. పిట్ట వాసనలో ఉన్న పిల్ల మీద ఎప్పుడూ మీట నొక్కవద్దు. పిట్ట దగ్గర నొప్పి కలిగిందంటే మళ్లీ పిట్ట వాసన తగిలినప్పుడు చూడనట్టు పక్కకు తప్పుకుంటుంది. దీన్ని బ్లింకింగ్ అంటారు, తెచ్చుకోవడం తేలిక, పోగొట్టడం కష్టం. మెడకు పుళ్లు పడకుండా రోజూ విప్పి చూడండి.

ఇక పెరటి "వో", లాంచర్ పిట్టలు కలిసేది ఇప్పుడు. పిల్ల తనంతట తాను పాయింట్ మీద నిలబడ్డాక, సహాయకుడు తాడు పట్టుకుంటాడు, మీరు పక్కనుంచి వలయంగా వచ్చి పిట్ట ముందుకు చేరి గడ్డిని కాలితో తన్ని, లాంచర్ తెరుస్తారు. వెనకనుంచి తిన్నగా నడిస్తే మీరు నెట్టినట్టనిపించి పిల్ల కదులుతుంది. కదిలితే ఎత్తి అదే చోట తిరిగి నిలబెట్టండి, అంతే. మాట ఇంకా తక్కువ వాడండి.

మొదటి సీజన్

మొదటి ఏడాది లక్ష్యం సంచి నింపడం కాదు. కుక్క పాయింట్ పట్టి, మీరు లేపిన పిట్టనే కాల్చండి. పిల్ల తొక్కి లేపిన పిట్టను, ఎంత తేలికైన గురైనా, కాల్చకూడదు. ఆ ఒక్కటీ కాల్చారంటే, దూకినా పని అవుతుందని మీరే ఒప్పుకున్నట్టు. స్నేహితులు ముందే ఒప్పుకోకపోతే వాళ్లను తీసుకెళ్లకండి. ఒక పిల్ల, ఒక తుపాకి, పక్కన ఇంకో కుక్క వద్దు. పేల్చేవాళ్లు వేరు, కుక్కను చూసేవాళ్లు వేరు అయితే ఇంకా మంచిది. కౌజులకు 20 గేజ్, ఏడున్నర నంబరు లేదా ఎనిమిదో నంబరు గుళ్లు సరిపోతాయి. పిట్ట కింద ఆకాశం కనిపించేదాకా మీట నొక్కవద్దు. కిందుగా ఎగిరే కౌజు వెనకే కుక్క ఉంటుంది. నారింజ రంగు చొక్కా మీకు, అదే రంగు కాలరు కుక్కకు.

కౌజులు గుంపుగా లేస్తాయి. గుంపు మొత్తం ఒక్కసారి బర్రున లేచినప్పుడు పిల్లకు మతిపోతుంది, తరుముతుంది. ఫర్వాలేదు. చెదిరిన ఒంటరి పిట్టల మీద మళ్లీ పాయింట్ పట్టే పనిలో ఎక్కువ నేర్చుకుంటుంది. అయితే సాయంత్రం పొద్దుపోయాక చెదిరిన గుంపు వెంట పడొద్దు, రాత్రికి ఒకచోట చేరకపోతే చలికి పోతాయి.

వేట ఒక గంట దాటనివ్వకండి, ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు నీళ్లు తాగించండి. పెద్ద భోజనం ముందు రాత్రే పెట్టాలి, కడుపు నిండుగా పరిగెత్తిస్తే కడుపుబ్బరం ప్రాణాల మీదకు తెస్తుంది. పొద్దున వేడి 25 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇంటికి వెళ్లడమే మేలు. నాలుక చివర గరిటెలా వెడల్పై, లాలాజలం చిక్కబడి, వెనక కాళ్లు తడబడుతుంటే వడదెబ్బ మొదలైంది. ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, కారులో ఏసీ వేసి, వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

సంచిలో ఉండాల్సినవి: ముళ్లు లాగే పట్టకారు (ప్రిక్లీ పేర్, అంటే నాగజెముడు ముల్లు వేళ్లతో రాదు), కంటికి సెలైన్, చుట్టుకట్టు, దువ్వెన, ఇసుకముళ్ల నేలలకు కాలి బూట్లు. టెక్సస్‌లో వెచ్చటి చలికాలపు మధ్యాహ్నం ర్యాటిల్‌స్నేక్ బయటికొస్తుంది, పాముల నుంచి తప్పుకోవడం నేర్పే క్లినిక్కు వేసవిలోనే తీసుకెళ్లండి. వేట ముగిశాక కాలివేళ్ల సందులు, చంకలు, చెవులు, కనురెప్పల లోపల చూడాలి. గడ్డి ముల్లు ఒకటి చెవిలో ఉండిపోతే నెలల తరబడి చీము.

ఎక్కడ చెడుతుంది

పాయింట్ మీద తోక ఊపుతుంటే, ఒకే చోట పెట్టిన పిట్టలను మరీ ఎక్కువసార్లు చూపించి విసుగు తెప్పించారన్నమాట. రెండు వారాలు ఆపి, కొత్త నేలలో అడవి పిట్టల మీదకు తీసుకెళ్లండి. ఉత్తి గడ్డి మీద పాయింట్ పడుతుంటే, పాత లాంచర్ చోటుల వాసన పట్టుకుంటోంది. అక్కడ నిలబడి పొగడకుండా దాటి నడవండి, లాంచర్‌ను కడగండి.

పిట్టను నమిలేస్తుంటే అది ఎక్కువగా బతికి కొట్టుకునే పిట్టలతో, గుంజుకునే చేతులతో వస్తుంది. కొన్నాళ్లు చల్లారిన చచ్చిన పావురంతో పెరట్లో మాత్రమే తెమ్మనండి. ఇంకా ఆగకపోతే పద్ధతి ప్రకారం ఫోర్స్ ఫెచ్ (చెప్పగానే తప్పనిసరిగా పట్టుకుని తెచ్చి ఇచ్చేలా చేసే శిక్షణ) నేర్పించాలి, అది మరో పూర్తి అధ్యాయం. మీ నుంచి దూరంగా సొంత వేటకు పోతుంటే, ప్రతిసారీ గొంతు చించుకుని పిలవకుండా మీరే దిక్కు మార్చండి. మీరు ఎటు పోతున్నారో గమనించడం దాని పని కావాలి.

సీజన్ ముగిశాక వసంతంలో అడవి పిట్టలు గూళ్లు కట్టుకుంటాయి, అప్పటినుంచి వేసవి చివరి దాకా వాటి నేలల్లో సాధన ఆపేయండి. పావురాలు, ఈత, చల్లటి వేళ నడక చాలు. పదహారు నెలలు నిండేలోపు ఉత్తర అమెరికా వెర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్, అంటే నవ్డా, నిర్వహించే నేచురల్ ఎబిలిటీ పరీక్షకు పంపవచ్చు. అందులో పొలంలో వెతకడం, వదిలిన పిట్ట అడుగుజాడ పట్టడం, నీళ్లలోకి దిగడం చూస్తారు, గరిష్ఠ మార్కులు 112. పిట్ట లేచినా, తుపాకి పేలినా, పిట్ట పడినా కదలకుండా నిలబడాలన్న కఠిన నియమం అందులో లేదు, అది రెండో ఏడాది పని. పరీక్షలకు చోట్లు త్వరగా నిండుతాయి, పిల్లను ఇంటికి తెచ్చిన నెలలోనే దగ్గరలోని శాఖకు రాసి పేరు నమోదు చేయించుకోండి.